యంత్రానికి మాటలు నేర్పిన లెక్కల టీచరు

కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే గణితంలో పండితులై ఉండాలన్న రోజుల్లో, ఆ అవసరమే లేకుండా చేయాలని పట్టుబట్టిన గణిత పండితురాలు గ్రేస్ హాపర్.

తొలి తరం ప్రోగ్రామర్ల దగ్గర కంప్యూటర్‌తో పాటు ఒక నోటుబుక్కు ఉండేది. త్రికోణమితి విలువలు కట్టే కోడ్ లాంటిది ఒకసారి సరిగ్గా కుదిరితే అందులో రాసిపెట్టుకునేవారు. మళ్లీ అవసరమైతే చేత్తో ఎత్తి రాసుకోవడమే. ఆ కోడ్ ముక్కల్లోని మెమరీ చిరునామాలన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. కొత్త ప్రోగ్రాంలో పెట్టే చోటును బట్టి ఒక్కోదానికీ అంకె కలుపుకుంటూ పోవాలి. ఎత్తి రాసేటప్పుడు ‘బి’ కాస్తా 13 అయిపోయేది. కూడికలు తప్పేవి. చేసేదేమో మహామహా లెక్కల మేధావులు!

ఎత్తి రాయడం, కూడటం... రెండూ యంత్రం మనకన్నా బాగా చేసే పనులే. దానికే అప్పగిస్తే పోలేదా అనుకున్నారు హాపర్.

నేవీలోకి టీచరమ్మ

1906లో న్యూయార్క్‌లో పుట్టిన గ్రేస్, ఎలా పనిచేస్తుందో చూద్దామని ఇంట్లోని ఏడు అలారం గడియారాలూ విప్పేసిన పిల్ల. 1934లో యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. తాను చదివిన వాసర్ కాలేజీలోనే పాఠాలు చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక నేవీలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. పట్టువదలక 1943లో చేరారు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లోని మార్క్-1 కంప్యూటర్ దగ్గరికి పంపారు. 51 అడుగుల పొడవున్న ఆ యంత్రం సెకనుకు చేసేది మూడు కూడికలు! దాన్ని నడిపే తీరు వివరిస్తూ వెలువడిన 500 పైచిలుకు పేజీల మాన్యువల్‌లో సింహభాగం ఆమె రాసిందే.

‘దానికి ఫ్రెంచ్ ఎలా వచ్చింది?’

1949లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరారు. అక్కడ కోడ్ ముక్కలన్నిటికీ నంబర్లిచ్చి టేపు మీదికి ఎక్కించారు. నంబరు చెబితే చాలు, యంత్రమే ముక్కను వెతికి తెచ్చి, చిరునామాలు సరిచేసి ప్రోగ్రాం తయారుచేస్తుంది. 1952 నాటి ఆ ‘ఏ-0’ తొలి కంపైలర్లలో ఒకటి. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రాం ఎక్కడ రాస్తుందని చాలామంది కొట్టిపారేశారు.

ఆమె అక్కడితో ఆగలేదు. జీతాల లెక్కలు చూసేవాళ్లకు గణిత చిహ్నాలెందుకు, మామూలు మాటల్లో చెబితే చాలదా అన్నారు. చెప్పింది నిజమేనని చూపడానికి ఒకే ప్రోగ్రాంను ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ మాటల్లో నడిపారు. పైఅధికారులు బెంబేలెత్తారు. అమెరికాలో తయారైన కంప్యూటర్‌కు ఫ్రెంచ్ ఎలా వస్తుందని వాళ్ల సందేహం! యంత్రానికి ఏ భాషైనా ఒకటేనన్న మాట చెవికెక్కలేదు. ఇంగ్లిష్ దాటబోమని నచ్చజెప్పడానికి నెలలు పట్టింది. అలా వచ్చిందే ‘ఫ్లో-మాటిక్’.

1959లో అమెరికా రక్షణ శాఖ అండతో వ్యాపార లెక్కలకు ఉమ్మడి భాష తయారీ మొదలైంది. అదే కోబాల్. జీన్ సామెట్ వంటి వారెందరో కలిసి రూపొందించిన భాష అది. హాపర్ సలహాదారు మాత్రమే. అయితే వాళ్లు ప్రధానంగా ఒరవడి పెట్టుకున్నది ఫ్లో-మాటిక్‌నే.

ఆరు నెలలనుకుంటే...

1966లో నేవీ నుంచి రిటైరైన హాపర్‌ను మరుసటి ఏడాది ఆరు నెలల పనికని వెనక్కి పిలిచారు. చివరికి ఆమె నేవీని వీడింది 1986లో, 79వ ఏట, రియర్ అడ్మిరల్‌గా! ఉపగ్రహ సందేశానికి అంత ఆలస్యమెందుకని అడిగే అధికారుల చేతిలో అడుగుకు కాస్త తక్కువ తీగ ముక్క పెట్టేవారు. సెకనులో వందకోట్లవ వంతులో సంకేతం వెళ్లగలిగేది అంత దూరమే. పైదాకా ఇలాంటివి ఎన్ని పడతాయో మీరే చూసుకోండి అనేవారు.

1992 జనవరి 1న ఆమె కన్నుమూశారు. ఆ దశకం చివర్లో వై2కే గండం ముంచుకొచ్చింది. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములు 2000ను 1900గా పొరబడే ప్రమాదం. వాటిని సరిచేయడానికి అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న తెలుగు యువత విమానాలెక్కింది. అన్నీ మాటలే, ఇదేం భాషని కంప్యూటర్ పండితులు ఒకప్పుడు కోబాల్‌ను ఎద్దేవా చేశారు. కానీ ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌ను కొత్తగా చేరిన కుర్రాడు చదివి, తప్పెక్కడుందో పట్టుకోవడానికి అక్కరకొచ్చింది ఆ మాటలే.