పాలకొవ్వును నీటిలో నిలిపే ప్రొటీన్లు, బంకలు

పాలు నీటిలో కొవ్వు బొట్లు చెదిరి ఉన్న ఎమల్షన్. నీటికన్నా తేలికైన ఈ బొట్లు పైకి తేలి మీగడ కడతాయి. బొట్టు వ్యాసం సగమైతే తేలే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. చుట్టూ ఉన్న నీరు చిక్కబడినకొద్దీ ఇంకా తగ్గుతుంది. 1951లో ఏర్పడిన సూరత్ జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం, అంటే సుముల్ డైరీ, వంటి సంస్థల్లో పాలు, ఐస్‌క్రీమ్ మిశ్రమం విడిపోకుండా నిలవడం చాలావరకు ఈ రెండు అంశాల మీద ఆధారపడి ఉంటుంది.

హోమోజనైజేషన్‌లో పాలను ఎక్కువ పీడనంతో సన్నని సందు గుండా పంపుతారు. సగటున మూడు నాలుగు మైక్రాన్లుండే బొట్లు ఒక మైక్రాన్ దరిదాపులకు చితుకుతాయి. ఉపరితలం కొన్ని రెట్లు పెరగడంతో వాటి సహజమైన పొర చాలదు. ఆ లోటును కేసిన్, పాలవిరుగుడు ప్రొటీన్లు పూడుస్తాయి. ప్రొటీన్ గొలుసులో కొన్ని భాగాలు కొవ్వుకు అంటుకుంటాయి, కొన్ని నీటిలోకి చాచుకుంటాయి. వాటి మీది రుణావేశం బొట్లను ఒకదానికొకటి దూరంగా ఉంచుతుంది. పులుపు పెరిగి పీహెచ్ 4.6కు చేరితే కేసిన్ మీద నికర ఆవేశం సున్నా అవుతుంది, పాలు విరుగుతాయి.

బంకలు పాలీశాకరైడ్లు, అంటే పొడవైన చక్కెర గొలుసులు. అవి చేసే పని వేరు. గుజరాత్, రాజస్థాన్ మెట్టభూముల్లో పండే గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ బంక కొవ్వును అంటదు. నీటిలో ఉబ్బి, నీటినే చిక్కబరుస్తుంది. అయితే మోతాదు కుదరాలి. పొడవైన గ్వార్ అణువులు బొట్ల మధ్య ఇరుకు సందుల్లోకి దూరలేవు. బయట వాటి గాఢత ఎక్కువగా ఉండటంతో సందుల్లోని నీరు బయటికి పోతుంది, బొట్లు గుమిగూడతాయి.

ఐస్‌క్రీమ్‌లో పాలకొవ్వు కనీసం 10 శాతం, ప్రొటీన్ కనీసం 3.5 శాతం ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఆ మిశ్రమంలో గ్వార్ ఒక్కటే వేస్తే పాల ప్రొటీన్లు దాని నుంచి విడిపోయే ప్రమాదం ఉంది. సముద్రపు నాచు నుంచి వచ్చే క్యారజీనన్‌ను అతి స్వల్పంగా కలిపితే అది కేసిన్‌ను పట్టుకొని విడిపోకుండా ఆపుతుంది. సూరత్ వంటి వేడి ఊళ్లలో ఐస్‌క్రీమ్ రవాణాలో కొంత కరిగి మళ్లీ గడ్డకడుతుంది. అప్పుడు మంచు పలుకులు పెద్దవి కావడాన్ని ఈ బంకలే నెమ్మదింపజేస్తాయి.

పుల్లని పాల పానీయాలకు పెక్టిన్ వాడతారు. పీహెచ్ 4 దగ్గర కేసిన్ ధనావేశం పొందుతుంది, రుణావేశమున్న పెక్టిన్ దాని మీద మరో పొరగా కూర్చుంటుంది. పెక్టిన్ చాలకపోతే ఒకే అణువు రెండు కేసిన్ కణాలను కలిపేస్తుంది, పానీయం అడుగున మడ్డి చేరుతుంది.

ప్రొటీన్‌లా కొవ్వుకు అంటుకోవడం, బంకలా నీటిలో చాచుకోవడం అనే రెండు గుణాలూ ఒకే పదార్థంలో ఉండటం అరుదు. ఆఫ్రికా తుమ్మజాతి చెట్ల గమ్ అరబిక్ అలాంటిది. అందులోని సుమారు 2 శాతం ప్రొటీన్ నూనెను పట్టుకుంటుంది, చక్కెర గొలుసులు బొట్లను దూరంగా నిలుపుతాయి. శీతల పానీయాల్లో నారింజ నూనె పైకి తేలకుండా ఉండటానికి దాన్ని వాడతారు.