నాన్న సంతకం నాన్నే పెట్టాలి

మన ఇళ్ళల్లో కొన్ని జబ్బుల పేర్లు పైకి అనం. 'ఆ జబ్బు' అంటాం, 'ఏదో గడ్డట' అంటాం. జబ్బుపడ్డ మనిషికి మాత్రం చివరిదాకా 'నెమ్ము చేసింది, తగ్గిపోతుందిలే' అనే చెబుతాం. ప్రేమకొద్దీ చేసే పనే, కాదనను. కానీ ఆ దాపరికం ఒకచోట ఆగిపోక తప్పదు. అది క్లినికల్ ట్రయల్ అనుమతి పత్రం దగ్గర.

ట్రయల్ అంటే 'మనుషుల మీద మందులు ప్రయోగించడం' అంటారు మా వీధిలో చాలామంది. నిజమే గానీ, సగం నిజం. కొత్త మందు మనిషికి ఎంత మోతాదు వరకూ ఫరవాలేదో చూసేది మొదటి దశ. జబ్బు మీద పనిచేస్తోందా అని చూసేది రెండో దశ. ఇప్పుడున్న వైద్యం కన్నా మెరుగేనా అని ఎక్కువమందిలో పోల్చి చూసేది మూడో దశ. కాబట్టి మీ అమ్మగారికో నాన్నగారికో ట్రయల్ అన్నప్పుడు, ముందు 'ఇది ఎన్నో దశ డాక్టరుగారూ?' అని అడగండి. మొదటి దశలో మన మనిషికి మేలు జరిగితే జరగొచ్చు, కానీ అది జరిపేది ముఖ్యంగా అందుకోసం కాదు.

మా నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. గోపాలపట్నంలో మా ఇంటికి రెండు వీధుల అవతల అమ్మా నాన్నల కాపురం. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి. రెండు రకాల కీమో అయ్యాక కూడా గడ్డ పెరిగిందని 2023 వేసవిలో స్కానులో తేలింది. 'ఇక నొప్పి లేకుండా చూసుకోవడమే. లేదంటే మూడో దశ ట్రయల్ ఒకటి నడుస్తోంది, ఇంట్లో మాట్లాడుకోండి' అన్నారు డాక్టరమ్మ.

అమ్మదీ, హైదరాబాదులో ఉన్న తమ్ముడిదీ ఒకటే మాట. 'ట్రయల్లో చేర్చు. నాన్నకి మాత్రం క్యాన్సరని చెప్పకు. కొత్తరకం బలం బిళ్ళలని చెప్పి సంతకం పెట్టించెయ్యి.'

అలా కుదరదు. 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం జబ్బేమిటో, మందేమిటో, కష్టనష్టాలేమిటో పేషెంటుకి అర్థమయ్యే భాషలో చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి. కొత్త మందుల ట్రయల్లో నయంకాని జబ్బున్నవాళ్ళని చేర్చేటప్పుడు ఆ మాటలన్నీ వీడియో కూడా తీయాలి. చదువు రానివారైతే ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి. మనిషి స్పృహలో ఉండి, మాట్లాడగలిగి ఉంటే కొడుకు సంతకం చెల్లదు, కూతురి సంతకమూ చెల్లదు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకాని 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి వేసిన సంగతి గుర్తుందా? హాస్టల్లో ఉన్న గిరిజన పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టేశారని తర్వాత బయటపడింది. 2010 ఏప్రిల్లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. టీకాకీ, చనిపోయిన పిల్లల మరణాలకీ సంబంధం కనబడలేదని విచారణ సంఘం అన్నా, ఆ అనుమతి పత్రాల తీరుని మాత్రం తప్పుపట్టింది. 2013లో సుప్రీంకోర్టు కూడా ట్రయల్స్ విషయంలో గట్టిగా మాట్లాడింది.

సరే, నాన్నకి చెప్పే పని నా మీద పడింది. ఆడపిల్లని కదా!

'ఏటే, ఆ సంచీ పట్టుకుని ఇందాకట్నుంచి అటూ ఇటూ తిరుగుతున్నావ్?' అన్నారు నాన్నే.

'ట్రయల్ కాగితాలు నాన్నా. ఇందులో నీ జబ్బు పేరుంది.'

'క్యాన్సరేగా?'

నాకు నోట మాట రాలేదు. 'ఏడు నెలల్నుంచీ క్యాన్సర్ విభాగం అని బోర్డున్న గుమ్మంలోంచే తీసికెళ్తన్నారు. నాకు చదువు రాదనుకున్నారేటి? మీ అమ్మ బెంగెట్టుకుంటాదని నేనే ఊరుకున్నాను.'

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ కాగితాలు పద్దెనిమిది పేజీలు. తెలుగే గానీ, డిక్షనరీలోంచి దిగిన తెలుగు. రెండు సాయంత్రాలు పక్కన కూర్చుని చదివి వినిపించాను. నాన్నకి అనుమానాలొచ్చిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టాం. అవి పట్టుకుని మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం.

'కొత్త బిళ్ళ నాకే ఇస్తారా?' కాదట. అందరికీ మామూలు వైద్యం ఉంటుంది. దాని మీద కొందరికి కొత్త బిళ్ళ, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ళ. ఎవరికేదో కంప్యూటరే లాటరీ తీస్తుంది. 'మీకూ తెలీదా!' అని నాన్న నవ్వేశారు. 'మధ్యలో మానేస్తే?' ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యం ఆగదు. 'మందు వల్ల ఏదైనా అయితే?' వైద్యం ఉచితంగా చేయాలి, నిబంధనల ప్రకారం పరిహారమూ ఇవ్వాలి.

చివరికి అడిగారు: 'ఇది నాకు నయమవడానికా, మీరు తెలుసుకోడానికా?'

డాక్టరమ్మ కాసేపాగి, 'తెలుసుకోవడానికే బాబుగారూ. మీకు మేలు జరిగితే సంతోషం. మాట మాత్రం ఇవ్వలేను' అన్నారు. ఆ మాటకే ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంటికొచ్చాక నాన్నకి యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పాను. భీమవరంలో పుట్టిన ఆయన, అమెరికాలో లెడర్లీ ల్యాబులో తన బృందంతో తయారు చేయించిన అమినోప్టెరిన్ మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరున్న పిల్లలకిచ్చి చూశారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది, కొన్నాళ్ళపాటే. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారూ పోయారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ని మాత్రం పిల్లల రక్త క్యాన్సరుకి ఈనాటికీ వాడుతున్నారు. నాన్న అంతా విని, 'ఆ పిల్లల అమ్మల్ని ఎవరైనా ఇలా కూర్చోబెట్టి అడిగారా?' అన్నారు. ఇప్పటిలాంటి పత్రాలు అప్పుడు లేవన్నాను. మర్నాడు సంతకం పెట్టారు. తమ్ముడికి ఫోను చేసి ఆయనే చెప్పారు.

సంతకం పెట్టగానే చేరిపోయినట్టు కాదు సుమండీ! రక్తం, మూత్రపిండాలు, కాలేయం అన్నీ చూస్తారు. మనిషి తన పనులు తను ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడో కూడా లెక్కే. ఇక్కడ వెనక్కి వచ్చేసేవాళ్ళూ ఉంటారు. నాన్న నెగ్గారు.

బయాప్సీ రిపోర్టు, స్కానులు, ఇదివరకటి కీమో వివరాలు ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఇంట్లో వాడే ఆకుపసర్లు, చూర్ణాలు ఉంటే దాచకుండా చెప్పండి. ట్రయల్ మందుకి డబ్బు అడిగితే అనుమానించండి. ప్రతి ట్రయల్‌కీ సి.టి.ఆర్.ఐ. రిజిస్టర్లో నంబరుంటుంది. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ఇంట్లో పిల్లల ఫోన్లో చూసుకోవచ్చు. కాగితం మీద ఎథిక్స్ కమిటీ ఫోను నంబరూ ఉంటుంది. ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోవడం మీ హక్కు. దారి ఖర్చులు ఇస్తారా అని మొహమాటపడకుండా అడగండి.

ఎందుకంటే తిరుగుడు మామూలుగా ఉండదు. మూడు వారాలకోసారి పరగడుపున బస్సెక్కి, ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు దగ్గర మారి వెళ్ళేవాళ్ళం. రక్తం ఇచ్చాక డబ్బాలో పెరుగన్నం. మింగిన బిళ్ళల లెక్క డైరీలో రాయాలి, ఖాళీ రేకులు వెనక్కివ్వాలి. కాగితాల్లో 'సహాయకులు' అని ఒక్క మాటే ఉంటుంది. ఆ సహాయకురాలు పొద్దున్నే ఎన్ని గంటలకి లేచి, తన ఇంట్లో ఎవరికి వండిపెట్టి వచ్చిందో రాయడానికి అందులో గడి లేదు!

మూడో స్కానులో గడ్డ పెరిగిందని చెప్పి డిసెంబరులో నాన్నని ట్రయల్ నుంచి తప్పించారు. ఆయన మింగింది ఏ బిళ్ళో మాకింకా తెలీదు. తర్వాత నొప్పికి మార్ఫిన్ బిళ్ళలు, ఇంట్లోనే వైద్యం. నొప్పి తగ్గించే ఆ వైద్యం ట్రయల్లో ఉండగానే మొదలైంది. రెండూ కలిసి నడవొచ్చు. ఈ సంగతి తప్పకుండా అడగండి.

దాచుకునేదేమీ లేదు కనుక ఆ నెలల్లో నాన్న తన పనులన్నీ తనే చక్కబెట్టారు. అమ్మ సంతకం బ్యాంకులో ఒకలా, పెన్షన్ కాగితాల్లో ఒకలా ఉందని వారంరోజులు కూర్చోబెట్టి ఒకేలా రాయించారు. అమ్మ ఏడుస్తూనే రాసింది. 2024 మాఘంలో నాన్న పోయారు. మూడో నెలకల్లా అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చింది, ఒక్క కొర్రీ లేకుండా.