చెరసాలలో చేసిన సంతకము

యిర్మీయా ప్రవక్త పొలము కొన్న సంగతి మీలో చాలమందికి తెలిసినదే. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యము ముట్టడి వేసి ఉన్నది. ప్రవక్త సిద్కియా రాజు నగరులో బందీగా ఉన్నాడు. అట్టి సమయములో పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న తన పొలము కొనమని అడిగాడు. యిర్మీయా పదిహేడు తులముల వెండి తూచి ఇచ్చాడు. క్రయపత్రము మీద సంతకము చేసి, ముద్ర వేసి, సాక్షులను పెట్టాడు. ముద్ర వేసిన పత్రమును, ముద్ర లేని పత్రమును అక్కడ కూర్చున్న వారందరి ఎదుట బారూకు చేతికిచ్చి, మంటికుండలో భద్రపరచమన్నాడు.

మనిషి బందీ అయినంత మాత్రమున అతని సంతకమునకు విలువ పోదని ఈ సంగతి చూపుచున్నది. నేటి మన దేశపు చట్టము కూడ అదే అంటున్నది. అయితే ఈ మాట తెలియక ఎన్నో పల్లె కుటుంబములు మోసపోవుచున్నవి. అందుకే ఈ నాలుగు మాటలు.

సంతోష్‌నగర్ దాటిన తరువాత

నాగార్జునసాగర్ రోడ్డు మీదుగా హైదరాబాదు వచ్చేవారికి సంతోష్‌నగర్, సైదాబాదు ప్రాంతములు తెలిసినవే. ఆ దగ్గరలోనే చంచల్‌గూడ కేంద్ర కారాగారము ఉన్నది. నిజాము కాలము నాటి జైలు అది. స్త్రీల ప్రత్యేక కారాగారము కూడ చంచల్‌గూడలోనే ఉన్నది. ములాఖత్ కొరకు తెల్లవారుజామున బస్సెక్కి వచ్చే తల్లులు, భార్యలు ఎందరో.

ఇంటి యజమాని లోపల ఉంటే బయట పనులు ఆగవు. వకీలును పెట్టుకోవాలంటే సంతకము కావాలి. పొలము కౌలుకివ్వాలంటే సంతకము. బ్యాంకులో పంట డబ్బు తీయాలంటే సంతకము. "అయ్యగారూ, మా పిల్లోని సంతకం ఎట్ల తెచ్చేది?" అని ఒక తల్లి మన సంఘకాపరిని అడిగితే, ఆయన ఏమి చెప్పాలి?

కోర్టుల చుట్టూ తిరిగే దళారి మాత్రము వెంటనే జవాబు చెప్తాడు. "ఖాళీ స్టాంపు పేపరు మీద వేలిముద్ర పెట్టించుకొని రా అమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అంటాడు. లేదా "లోపలికి పోకుండానే నోటరీ ముద్ర వేయిస్తా" అంటాడు. ఈ రెండు మాటలలో ఏది విన్నా వెనుకకు తిరిగి వచ్చేయండి.

ఏ కాగితమునకు ఎవరు?

మొదట తెలిసికొనవలసినది ఇది: ప్రతి కాగితమునకు నోటరీ అక్కరలేదు.

వకాలత్‌నామా. వకీలుకు అధికారమిచ్చే పత్రమిది. దీనిని జైలు అధికారుల ద్వారా లోపలికి పంపుతారు. ఖైదీ సంతకము చేస్తే, అది అతనిదేనని జైలు అధికారి ధృవీకరించి ముద్ర వేస్తాడు. అంతటితో సరిపోతుంది.

అప్పీలు. శిక్ష పడినవాడు జైలులో ఉంటే తన అప్పీలును జైలు అధికారి చేతికే ఇవ్వవచ్చును. దానిని పై కోర్టుకు పంపవలసిన బాధ్యత ఆ అధికారిది. బయట వకీలు లేడని అప్పీలు ఆగిపోనక్కరలేదు.

అఫిడవిట్. అంటే ప్రమాణ పత్రము. ప్రమాణము చేయించి పత్రమును ధృవీకరించే అధికారము 1952 నాటి నోటరీల చట్టము నోటరీకి ఇచ్చినది. నోటరీలు సాధారణముగా ఎన్నో ఏళ్ల అనుభవము గల న్యాయవాదులే. ఖైదీ నోటరీ దగ్గరకు పోలేడు గనుక జైలు అధికారుల అనుమతితో నోటరీయే లోపలికి రావాలి. నియమాల ప్రకారము నోటరీ తన ఫీజుల పట్టికను అందరికీ కనబడేలా పెట్టాలి. బయటకు వచ్చినందుకు ప్రయాణ ఖర్చు తీసుకొనుటకు నియమాలు ఒప్పుకొంటున్నవి. ప్రతి పనిని తన రిజిస్టరులో వ్రాసికొనాలి. కనుక "ముందు మీ పట్టిక చూపండి, రిజిస్టరులో ఎక్కించండి" అని అడుగుటకు సిగ్గుపడవద్దు.

అమెరికాలో జైళ్లకు వెళ్లి సంతకములు చేయించే నోటరీలు చాలమంది ఉన్నారు. కాలిఫోర్నియా చట్టము జైలువారు ఇచ్చిన ఖైదీ గుర్తింపు కార్డును కూడ నోటరీ పనికి అంగీకరిస్తుంది. ఎందుకంటే అరెస్టయిన మనిషి జేబులోని కార్డులు అతని దగ్గర ఉండవు. ఇక్కడ కూడ అదే చిక్కు వస్తుంది. ఆధార్ నకలు, ఖైదీ నంబరు, కేసు నంబరు ఇంటివారు ముందే సిద్ధము చేసికొంటే నోటరీకి పని సులువు.

భూమి విషయములో మరింత జాగ్రత్త

పాతబస్తీలో కేవలము నోటరీ కాగితము మీద ఇండ్లు చేతులు మారుట ఎప్పటినుండో ఉన్నది. అయితే నోటరీ ముద్ర వేసినంత మాత్రమున భూమి మీద హక్కు మారదు. స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు కావాలి. కేవలము పవరాఫ్ అటార్నీ మీద, అగ్రిమెంటు మీద జరిగిన అమ్మకముతో యాజమాన్యము రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా చెప్పినది.

మరి ఖైదీ రిజిస్ట్రేషను ఆఫీసుకు ఎట్లా పోతాడు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము దీనికి దారి చూపినది. రోగముతో కదలలేనివారు, జైలులో ఉన్నవారు ఆఫీసుకు రానక్కరలేదని 33, 38 సెక్షన్లు చెప్తున్నవి. పత్రము దాఖలు చేయుటకు తన తరఫున వేరొకరికి పవరాఫ్ అటార్నీ ఇవ్వదలచితే, రిజిస్ట్రారు లేక సబ్ రిజిస్ట్రారు తానే జైలుకు వెళ్లి విచారించవచ్చును, లేదా విచారణకు కమిషను పంపవచ్చును. తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను 2020 నుండి తహసీల్దారు ఆఫీసులో జరుగుచున్నది గనుక, పొలము సంగతి ముందుగా అక్కడ అడగాలి.

ఆ అధికారి ముఖ్యముగా తేల్చుకొనవలసినది ఒక్కటే: ఈ మనిషి తన ఇష్టముతో సంతకము చేస్తున్నాడా? లోపల ఉన్నవాడు భయములో ఉంటాడు. "సంతకం పెడితే బెయిలు వస్తది" అని ఎవరైనా అంటే ఎకరము భూమినైనా వ్రాసి ఇచ్చేస్తాడు. అన్నదమ్ములే ఆ సమయము చూచి పంపకాల కాగితము ముందు పెట్టవచ్చును. బెదిరింపుతోనో, అనుచితమైన ఒత్తిడితోనో చేయించుకొన్న ఒప్పందమును కోర్టులో రద్దు చేయించవచ్చును. కాని అందుకు ఏళ్లు పడుతుంది. సంతకమునకు ముందే నిదానించుట మేలు.

ఖర్చు లేని సహాయము

వకీలుకు డబ్బు లేదని పొలము అమ్ముకొనువారు ఈ మాట తప్పక వినాలి. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టము ప్రకారము, కస్టడీలో ఉన్న ప్రతివారు ఉచిత న్యాయ సహాయమునకు అర్హులే. వారి ఆదాయము ఎంత అని అడగరు. జిల్లా న్యాయ సేవల సంస్థలో గాని, జైలులోని న్యాయ సహాయ కేంద్రములో గాని అర్జీ ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోను చేసి కూడ అడగవచ్చును.

బెయిలు దొరికి కూడ జామీను కట్టలేక లోపలే ఉండిపోయేవారు ఉన్నారు. బెయిలు ఇచ్చిన 7 రోజులలోపు విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవల సంస్థకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించినది. బీద ఖైదీల జామీను, జరిమానా కొరకు కేంద్ర ప్రభుత్వ పథకము కూడ అదే ఏడు వచ్చినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారము, మొదటిసారి కేసులో చిక్కినవాడు ఆ నేరమునకు గల గరిష్ట శిక్షలో మూడవ వంతు కాలము విచారణ ఖైదీగా గడిపితే అతనిని బాండు మీద విడుదల చేయాలి. మరణశిక్షకు, యావజ్జీవమునకు తగిన నేరములకు ఇది వర్తించదు. ఒకటికంటె ఎక్కువ కేసులున్నవారికి కూడ వర్తించదు.

మనము చేయగలిగినది

సంఘములో ఒక కుటుంబము ఇట్టి స్థితిలో ఉంటే, చదువు వచ్చిన ఒకరు వారి వెంట వెళ్లండి. కాగితము ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమని వకీలును అడగండి. ఖాళీ జాగా ఉన్న కాగితము మీద సంతకము గాని వేలిముద్ర గాని పడనివ్వవద్దు. బ్యాంకు పని అయితే వారి నమూనా ముందే తెచ్చుకొనండి. పవరాఫ్ అటార్నీ ఇస్తే ఏ పనికో, ఏ సర్వే నంబరుకో, ఎంత కాలమో స్పష్టముగా వ్రాయించండి. దానిని ఇచ్చినవాడే తిరిగి రద్దు చేయవచ్చునని ఇంటివారికి చెప్పండి.

చివరిగా, ప్రతి కాగితమునకు ఒక నకలు తీసి ఇంట్లో భద్రపరచండి. యిర్మీయా పత్రములు మంటికుండలో ఉన్నవి. మీ ఇంట్లో ఇనుప పెట్టె అయినా సరే, బియ్యపు డబ్బా వెనుక ఉన్న సంచి అయినా సరే. లోపల ఉన్నవాడు ఇంటికి తిరిగి వచ్చిన రోజున, తన పొలము తనదిగానే ఉన్నదని ఆ కాగితము చూచి తెలిసికొంటాడు.