పసుపు రంగూ, పసిపాప కామెర్లూ



ఫాల్గుణం వచ్చిందంటే మన సత్తుపల్లి చుట్టుపక్కల అడవుల్లో మోదుగచెట్లు ఆకు రాల్చి నిలువునా పూస్తాయి. ఆ పూలను నీళ్ళలో ఉడకబెడితే హోలీకి చల్లుకునే పచ్చని రంగు దిగుతుంది. పువ్వుకు ఆ రంగు ఎలా వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించారా?

1930, 40ల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం ఆచార్యులుగా పనిచేసిన టి. ఆర్. శేషాద్రి గారు ఇలాంటి ప్రశ్నలమీదే కృషి చేశారు. ఆయనా, ఆయన శిష్యులూ ప్రత్తిపూలు, మోదుగపూలు తెచ్చి, వాటిలోని పదార్థాలను విడదీసి, వాటి అణువుల అమరికను పరిశీలించారు. రంగు గుట్టంతా ఆ అమరికలోనే ఉంది.

ఎండ తెల్లగా కనబడినా అందులో ఏడు రంగులున్నాయని మీకు తెలుసు. మోదుగపువ్వులోని పచ్చని పదార్థపు అణువు వాటిలో నీలం వైపు కాంతిని మింగేస్తుంది. మిగిలిన కాంతి మన కంటికి చేరి పసుపుపచ్చగా తోస్తుంది. వంటింట్లో పసుపుదీ ఇదే కథ.

మరి మింగిన కాంతి ఊరికే ఉంటుందా? అణువును కదిలిస్తుంది, ఒక్కోసారి విరగ్గొడుతుంది. చీరమీద పసుపు మరక సబ్బుకు లొంగకపోయినా, ఎండలో ఆరేస్తే వెలిసిపోవటం మీరు చూసిందే కదా!

ఇక అసలు సంగతికి వస్తాను. పుట్టిన రెండు మూడు రోజులకు చాలామంది పిల్లల ఒళ్ళు పచ్చబడుతుంది. రక్తంలో పాత ఎర్రకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చని పదార్థం పుడుతుంది. దాన్ని బయటికి పంపే శక్తి పసికందు కాలేయానికి ఇంకా చాలదు. ఆ అణువు తనలోకి తాను ముడుచుకుని ఉంటుంది గనుక నీళ్ళలో కరగదు. నీలికాంతి పడితే మెలి తిరిగి ఆ ముడుపు విడుతుంది. అప్పుడు పైత్యరసంతోనూ, మూత్రంతోనూ బయటికి పోతుంది.

దీన్ని మొదట గమనించింది ఒక నర్సు. ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ పిల్లల్ని కాసేపు ఎండలోకి తీసుకెళ్ళేది. 1956లో ఒక పాపకు దుప్పటి కప్పిన చోట తప్ప మిగతా ఒంట్లో పచ్చదనం తగ్గటం ఆమె కంటబడింది. 1958లో అక్కడి డాక్టర్లు దీపాల కాంతితో చికిత్స చెయ్యవచ్చని ప్రకటించారు.

అయితే పాపను ఎండలో పడుకోబెడితే సరిపోతుంది కదా అంటారేమో. సరిపోదమ్మా. ఎండలో వేడీ, చర్మాన్ని కాల్చే కిరణాలూ ఉంటాయి. ఎంత నీలికాంతి అందిందో లెక్క తెలియదు. ఆస్పత్రిలో కళ్ళకు గంతలు కట్టి దీపం కింద ఉంచి, రక్తపరీక్ష చేసి చూస్తారు.

బిలిరుబిన్ మితిమీరితే మెదడుకు ఎక్కుతుంది. వినికిడి పోవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. చామనచాయ పిల్లల్లో పచ్చదనం తొందరగా తెలియదు. పగటి వెలుతుర్లో నుదుటిమీద వేలితో నొక్కి చూడండి, కళ్ళలో తెల్లగుడ్డు చూడండి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, పాలు తాగక మగతగా పడి ఉన్నా పసర్లు, వాతలు అంటూ కాలం గడపకండి. తల్లిపాలు మానిపించకండి. అడవి పల్లె నుంచి సత్తుపల్లి దూరమైనా సరే, ఆ పూటే ఆస్పత్రికి బయలుదేరండి.