అంతర్జాలపు పేరయ్య

తిరుచానూరునకు అలమేలుమంగాపురమని మరియొక పేరు. కార్తీక బ్రహ్మోత్సవముల ముగింపున, శుద్ధ పంచమినాడు, పద్మసరోవరము చుట్టును జనము కిక్కిరిసియుండును. ఆనాడు తిరుమల కొండమీదినుండి అమ్మవారికి పసుపు కుంకుమలతో, పట్టుచీరతో సారె దిగివచ్చును. ఆ సన్నిధిలో పెండ్లి కావలసిన పిల్లల తల్లిదండ్రులు మ్రొక్కుకొనుట తరతరాల వాడుక. ఒకప్పుడు వారి చేతిసంచిలో పసుపు రాసిన జాతకపు కాగితముండెడిది. నేడు చేతిలోని ఫోనులో పది వెబ్‌సైట్లు, వాటిలో వేలకొలది ఫొటోలు ఉన్నవి. ఏ వెబ్‌సైటు మంచిది? ఉచితమన్నది నిజముగా ఉచితమేనా? ఈ ప్రశ్నలు నేడు ప్రతి యింటను వినవచ్చుచున్నవి గనుక కొంత విచారించుట అవసరము.

ఈ ప్రాంతపు పెండ్లికథనే ముందు చూతము. వేటకు వచ్చిన శ్రీనివాసుడు ఉద్యానవనమున ఆకాశరాజు కుమార్తెయైన పద్మావతిని చూచెను. మాటామాటా పెరిగెను, చెలికత్తెలు రాళ్లు రువ్విరి. పిమ్మట వకుళమాత సంబంధము మాట్లాడుటకు బయలుదేరెను. అంతలో శ్రీనివాసుడే ఎరుకలసాని వేషము ధరించి, ధరణీదేవికి ఆమె కుమార్తె మనసులోని మాట తెలియజెప్పెను. ఆకాశరాజు తొందరపడలేదు. బృహస్పతిని అడిగెను; శుకమహర్షిని పిలిపించి విచారించెను. పెండ్లి ఖర్చులకు కుబేరుని వద్ద అప్పు చేయవలసివచ్చెను. ఆ పత్రమునకు సాక్షులు కూడ కావలసివచ్చిరి. వివాహము పుత్తూరు సమీపమునగల నారాయణవనమున జరిగెనని స్థలపురాణము.

ఈ కథలో తొలిచూపు కలదు, మధ్యవర్తి కలదు, మారువేషము కలదు, విచారణ కలదు, అప్పు కూడ కలదు. మారువేషమున వచ్చినవాడు దేవుడు గనుక కథ కల్యాణమున ముగిసెను. మన యింటికి మారువేషమున వచ్చువాడును దేవుడేయని నమ్ముట యెట్లు?

పూర్వము ఈ చిక్కును తీర్చువాడు పెండ్లిళ్ల పేరయ్య. వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయుమన్న సామెతను ఆయన అక్షరాల పాటించెడివాడు. ఎకరములు రెండింతలగును, పిల్లవాని కోపము ‘కొంచెము చురుకుదన’మగును. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో తొలిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయినది. అందు మగపిల్లవానికి ఆడవేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టుట చదువరు లెరిగినదే. కావున పెండ్లి బేరములలో మోసము అంతర్జాలముతో పుట్టినది కాదు. కాని పేరయ్య మన వీధిలో తిరుగువాడు. సంబంధము బెడిసికొట్టినచో మరునాడు అతనిని నిలదీయవచ్చును. అందుచేత అబద్ధమునకు ఒక హద్దుండెడిది. యంత్రమునకు వీధియు లేదు, మొగమోటమియు లేదు.

పేరయ్య తరువాత పత్రికలలో పెండ్లి ప్రకటనలు, పట్టణములలో మ్యారేజి బ్యూరోలు వచ్చినవి. అమెరికాలో 1995లో మ్యాచ్ డాట్ కామ్ ఆరంభమైనది. అచటనే ఉద్యోగము చేయుచుండిన మురుగవేల్ జానకిరామన్ 1997లో తమిళులకొరకు నెలకొల్పిన వెబ్‌సైటులోని పెండ్లి విభాగమే పెరిగి భారత్ మ్యాట్రిమొని అయినది. తెలుగువారి శాఖయు దానికి ఏర్పడినది. 2012లో వచ్చిన టిండర్ మరియొక తెరగు చూపినది: బొమ్మను చూచుట, వ్రేలితో ప్రక్కకు త్రోయుట, అంతే.

ఇచట ఒక మాటను విడమరచి చెప్పవలెను. విదేశపు వెబ్‌సైట్లు కొన్ని ‘ఆసియా అవివాహితులకు’ అని ప్రకటించుకొనుచున్నవి. ఆసియా యనగా ఎవరు? బ్రిటనులో ఆ మాటకు సామాన్యముగా భారత, పాకిస్తాన్, బంగ్లాదేశములవారని అర్థము. అమెరికాలో వాడుకగా చీనా, జపాను, కొరియా దేశములవారు ముందు స్ఫురింతురు. టోక్యో యువతిని, మనీలా యువకుని, మదనపల్లె పిల్లను ఒకే గంపలో వేయుట వర్తకుని సౌకర్యము. పెండ్లి కోరువారికి అందువలన కలుగు ప్రయోజనము స్వల్పము. విదేశములలోని తెలుగువారికి స్వజనసంఘములు ఇంతకన్న దగ్గరి దారి. 1977లో పుట్టిన తానా వంటి సంఘముల మహాసభలు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుటకు వీలు కల్పించుచున్నవి.

ఇక ఉచితము. ప్రవేశము ఉచితము; ఫొటో చూచుట ఉచితము. ఫోను నెంబరు కావలెనన్నప్పుడు రుసుము మొదలగును. ఇది దాపరికము లేని వ్యాపారమే గనుక తప్పు పట్టనక్కరలేదు. ఏ రుసుమును అడుగని వెబ్‌సైటు విషయముననే మరింత మెలకువ కావలెను. దాని ఖర్చు ఎవరో ఒకరు భరింపవలెను గదా! ప్రకటనకర్తలు భరించుచున్నచో వారికి చేరునది మన వయసు, జీతము, కులము, అభిరుచులు. సంతలో ఉచితముగా దొరకు వస్తువునకును వెల యుండును. ఆ వెల ఒక్కొక్కప్పుడు మనమే.

కావున ఎన్నుకొనువారు ముందుగా పరిశీలింపవలసినవి కొన్ని కలవు. మొదటిది ఉద్దేశము. 2016లో కేంద్ర ప్రభుత్వము పెండ్లి వెబ్‌సైట్లకు మార్గదర్శకములు వెలువరించెను. తమది వివాహముల కొరకేగాని డేటింగుకు కాదని స్పష్టముగా ప్రకటింపవలెననియు, సభ్యుల గుర్తింపు పత్రములు సరిచూడవలెననియు, మోసములనుగూర్చి హెచ్చరింపవలెననియు అందు చెప్పబడినది. రెండవది, మన ఫొటోను అందరికిని కాక మనము సమ్మతించినవారికే చూపు ఏర్పాటున్నదా యనునది. మూడవది, దుర్మార్గుని అడ్డగించుటకు, ఫిర్యాదు చేయుటకు, పని ముగిసిన పిమ్మట మన వివరములను పూర్తిగా తొలగించుటకు వీలున్నదా యనునది. ఈ మూడును లేనిచో ఆ వెబ్‌సైటు ఎంత ఉచితమైనను మనకు పనికిరాదు.

మోసగాని నడక చాలవరకు ఒకే విధముగా నుండును. పరిచయమైన వారమునకే పెండ్లి మాట యెత్తును; వీడియోలో ముఖము చూపుమన్నచో ఏదో సాకు చెప్పును. పిమ్మట విలువైన కానుక పంపితిననియు, అది విమానాశ్రయమున కస్టమ్సువారి వద్ద నిలిచిపోయినదనియు, సుంకము కట్టుమనియు వార్త వచ్చును. లేదా లాభసాటి పెట్టుబడి యొకటి చూపును. పెండ్లికి ముందే డబ్బడిగినచో ఆ సంబంధము అచటితో సరి. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 నెంబరునకు తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన సొమ్ము చేజారకుండ ఆపుటకు అంత అవకాశము.

విదేశపు వరుని విషయమున పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగము విడివిడిగా విచారింపవలెను. 2002నాటి చట్టము ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వివాహ నమోదు నిర్బంధము. విమానమెక్కుటకు ముందే ఆ పత్రము చేతికి రావలెను. విదేశ వివాహములలో చిక్కుకొనిన స్త్రీల ఫిర్యాదులకై జాతీయ మహిళా కమిషనులో 2009నుండి ప్రత్యేక విభాగము కలదు. 1961లోనే వరకట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరమైనవి. ఫోను తెరపై ‘ప్యాకేజి’ యని వ్రాసినంత మాత్రమున ఆ నేరము పేరు మారదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకు ఈ వెబ్‌సైట్లతో పనిలేదు; కాని ఫోను వారి చేతిలోనే యున్నది. ముఖము తెలియనివారికి ఫొటో పంపరాదని, బెదిరించినవారి సంగతి పెద్దలతో చెప్పుటలో తప్పులేదని తరగతిలో ఒక గంట చెప్పినచో, ఆ పాఠము పరీక్షలో రాకున్నను జీవితమున అక్కరకు వచ్చును.

తల్లిదండ్రులకును ఒక మాట. కుమార్తెకు తెలియకుండ ఆమె పేర ప్రొఫైలు తెరచి, ఆమె బొమ్మను లోకమునకు చూపి, వచ్చిన జాబులకు తామే బదులిచ్చువారు కలరు. కులము, గోత్రము, జీతము, ఎత్తు అని గళ్లన్నియు నింపుదురు. ఆమె ఇష్టమేమను గడి ఖాళీగా మిగులును. ఆకాశరాజు బృహస్పతిని, శుకుని అడిగెననుట నిజమే. కాని వారిని అడుగుటకు ముందే, పద్మావతి మనసు ఆమె తల్లికి తెలిసియుండెను.