రెక్క మీద సున్న

చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ అనగానే మనకి గుర్తొచ్చేవి సిటీ సెంట్రల్ లైబ్రరీ, గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, క్రాస్‌రోడ్స్ థియేటర్లు. సీతాకోకచిలుకలు ఎవరికీ గుర్తురావు. కానీ ఉన్నాయి. వాటి పిల్లలకి కావాల్సిన తిండి ఇక్కడ ఉంది కాబట్టి ఉన్నాయి. బాల్కనీ కుండీలో కరివేపాకు ఉంటే కామన్ మార్మన్, లైమ్ వచ్చి గుడ్లు పెడతాయి. ఖాళీ ప్లాటులో జిల్లేడు మొలిస్తే ప్లెయిన్ టైగర్ వస్తుంది. కాంపౌండ్ గోడల వెంట నిటారుగా పెరిగే చెట్టుని మనం అశోక చెట్టు అంటాం, అసలు అశోకం వేరే. ఆ చెట్టు ఆకులు టెయిల్డ్ జే గొంగళిపురుగులకి ఇష్టం. అశోక్‌నగర్‌లో అశోక చెట్టు తినే పురుగు! నాకైతే ఇది భలే నచ్చింది.

వీటి రెక్కల్ని దగ్గర్నుంచి ఫోటో తీసి, క్రాప్ చేయడం గురించే ఈ వ్యాసం. నాకు ఈ పిచ్చి పట్టించినాయన షెల్ శాండ్‌వెడ్. నార్వేలో పుట్టి, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో పనిచేశాడు. అక్కడ ఒక చిమ్మట రెక్క మీద ఇంగ్లిష్ 'ఎఫ్' అక్షరం కనిపించిందట. ఇక ఆగలేదు. దేశాలు తిరిగి ఇరవై ఆరు అక్షరాలూ, అంకెలూ అన్నీ రెక్కల మీదే పట్టుకున్నాడు. రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ ఫోటోల్లో పురుగు కనిపించదు, రెక్కలో ఒక చిన్న ముక్కే కనిపిస్తుంది. అంటే ఆయన కళలో సగం ఏది వదిలేయాలో తెలియడమే.

ముందు లెక్క చూద్దాం, మనం ఇంజినీరింగ్ వాళ్లం కదా. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 4000 × 3000. పురుగు ఫ్రేమ్ వెడల్పులో, ఎత్తులో పావు వంతే ఉందనుకోండి. క్రాప్ చేశాక మిగిలేది 1000 × 750, అంటే పదహారో వంతు పిక్సెల్స్. ఫోన్ స్క్రీన్‌కి అది చాలు. ప్రింట్‌లో అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన మూడున్నర అంగుళాలు దాటదు. ఇంకో సంగతి, రెక్క మీద రంగంతా పెంకుల్లా పేర్చిన పొలుసులదే. ఒక్కో పొలుసు పొడవు సుమారు 0.1 మిల్లీమీటరు. 40 మిల్లీమీటర్ల రెక్క 1000 పిక్సెల్స్‌లో ఉంటే ఒక్కో పొలుసుకి దక్కేది రెండున్నర పిక్సెల్స్, అంటే ఏమీ కనపడదు. 20 మిల్లీమీటర్ల రెక్క ముక్కతో 4000 పిక్సెల్స్ నింపితే ఇరవై పిక్సెల్స్ దక్కుతాయి. అది చూపించగల లెన్స్ ఉంటేనే అనుకోండి. డిజిటల్ జూమ్ కూడా చాలావరకు క్రాపే, కాబట్టి జూమ్ లాగే బదులు ఒక అడుగు ముందుకెయ్యండి.

మెల్లగా వెయ్యండి, మీ నీడ దాని మీద పడితే ఎగిరిపోతుంది. పొద్దున పూట మంచిది. వాటి ఒంటి వేడి బయట వేడిని బట్టి ఉంటుంది కాబట్టి, ఎండ తగిలేదాకా అంత చురుగ్గా ఎగరలేవు. రెక్కలు పరిచి ఎండ కాగుతుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం కోణం. అంత దగ్గర్లో ఫోకస్ అందే లోతు చాలా తక్కువ. ఫోన్ రెక్కకి సమాంతరంగా, గోడకి తగిలించిన క్యాలెండర్‌ని ఫోటో తీసినట్టు ఉండాలి. కాస్త వంగినా ఒక అంచు మసకే, దాన్ని ఏ యాపూ తిరిగి తేలేదు.

ఇక కోత. పురుగు మొత్తం ఉంచితే మీసాలు, కాళ్లు, రెక్కల కొసలు అన్నీ ఉంచండి, అది చూస్తున్న వైపు కాస్త ఖాళీ వదలండి. రెక్క ముక్కే కావాలంటే మొహమాటం లేకుండా కోయండి. మధ్యస్తంగా, మూలన చిటికెడు ఆకుపచ్చ మిగిల్చి కోసిన క్రాప్ నాకు అస్సలు నచ్చదు. కన్ను సరిగ్గా అక్కడికే పోతుంది. రెక్కలో ఈనెలు గీతల్లా ఉంటాయి. ఒక ఈనె ఫ్రేమ్ మూల నుంచి ఏటవాలుగా బయల్దేరేలా చూస్తే బొమ్మకి నడక వస్తుంది.

అయితే కోతలో ఒక ప్రమాదం ఉంది. మార్మన్ ఆడవాటిలో ఒక రకం అచ్చం కామన్ రోజ్ వేషం వేసుకుంటుంది. రోజ్ పిట్టలకి రుచించదు, అందుకే ఆ వేషం. తేడా ఒంట్లో తెలుస్తుంది, రోజ్ ఒళ్లు ఎర్రగా, మార్మన్ ఒళ్లు నల్లగా ఉంటాయి. ఒళ్లు కోసేసి రెక్కే మిగిల్చామా, పిట్టతో పాటు మనమూ మోసపోతాం. అందమైన క్రాప్ కింద తప్పు పేరు పడుతుంది. అందుకే క్రాప్‌ని వేరే ఫైలుగా సేవ్ చేసి, ఒరిజినల్ పక్కన పెట్టుకోవాలి.

ఇంతకీ నేను వెతికేది తెలుగు అక్షరాలు. ఇంగ్లిష్ మీడియం బాపతు కాబట్టి 'ఠ'కీ 'ర'కీ తేడా అమ్మమ్మ చెబితే గాని గట్టిగా గుర్తుండలేదు. లెమన్ ప్యాన్సీ రెక్క మీది కంటి మచ్చలో సున్న సులువుగా దొరుకుతుంది. మచ్చ మధ్యలో చుక్క ఉంటే 'ఠ' దాకా వచ్చినట్టే, పైన తలకట్టు ఒక్కటే లోటు. నా నియమాలు రెండు. ఫోటోని తిప్పొచ్చు, ఎందుకంటే కొమ్మ మీద పురుగుకి పైనా కిందా లేవు. అద్దంలోలా తిరగెయ్యడం మాత్రం కుదరదు. నిజానికి దాని అవసరమూ లేదు. కుడి రెక్క ఎడమ రెక్కకి అద్దమే కాబట్టి, తిరగేస్తే వచ్చే అక్షరం అవతలి రెక్క మీద ఉండనే ఉంటుంది. వెళ్లి దాన్నే తీసుకోవాలి.

తలకట్టు ఉన్న రెక్క మీకెవరికైనా కనిపిస్తే పంపండి. క్రాప్ చేయకుండా.