కాల్చింది నిప్పు, కదలనివ్వనిది గొలుసు

ఏర్వాడి పేరెత్తితే చాలామంది ‘అదే, పిచ్చాసుపత్రి తగలబడిన ఊరు’ అంటారు. మొదటి పొరపాటు అక్కడే. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ ఊళ్లో కాలింది ఆసుపత్రి కాదు, అక్కడి దర్గా కూడా కాదు. దర్గా మహిమను నమ్మి వచ్చే రోగుల కోసం ప్రైవేటు వ్యక్తులు నడిపిన మొయిదీన్ బాదుషా హోం. అంతంతమాత్రపు పాక, అందులో గొలుసులతో కట్టేసిన మనుషులు. 28 మంది చనిపోయారు. శవాలను ఆనవాలు పట్టడానికి కూడా వీల్లేకపోయింది. గొలుసు కాస్త వదులుగా ఉన్నవాళ్లు కొందరు బయటపడ్డారు.

‘వాళ్లలోనే ఎవరో అంటించి ఉంటారు’ అన్నది రెండో మాట. ఏర్వాడిలో నిప్పు ఎలా పుట్టిందో తేలనే లేదు. రోగి నిప్పు పెట్టిన సందర్భం చరిత్రలో లేదని కాదు. 1950 జనవరిలో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో ఒక ఆసుపత్రి మానసిక విభాగం అలాగే అంటుకుంది. కానీ 41 మంది ఎందుకు చనిపోయారని అడిగితే సమాధానం ఆ రోగి దగ్గర ఆగదు, కిటికీల ఇనుప ఊచల దాకా వెళుతుంది. ఏర్వాడి కేసులోనూ 2007లో ఏడేళ్ల శిక్ష పడింది హోం యజమానికి, అతని భార్యకు, ఇద్దరు బంధువులకు.

ఇదంతా పేద దేశాల గొడవ అనుకోవడమూ సరికాదు. లండన్‌లోని కోల్నీ హ్యాచ్‌లో మానసిక చికిత్సాలయం కోసం తాత్కాలికంగా కట్టిన చెక్క వార్డు 1903లో కాలి 50 మందికి పైగా స్త్రీలు చనిపోయారు. మాస్కో దగ్గరి మానసిక ఆసుపత్రి మంటల్లో 2013 ఏప్రిల్‌లో 38 మంది. అక్కడా కిటికీలకు ఊచలే.

ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచు పల్లెలకు వెళితే మానసిక జబ్బు గురించి మాట మారుతుంది. ‘గాలి సోకింది’, ‘ఎవరో చేతబడి చేశారు’. చదువు లేకే ఇలా అంటారని పట్నంవాళ్లు తేల్చేస్తారు. అదీ అపోహే. దూరం సంగతి వాళ్లు లెక్కలోకి తీసుకోరు. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఖమ్మం వైపు 1948 దాకా నిజాం ఏలుబడి. భద్రాచలంవాళ్లకు పేరున్న మానసిక చికిత్సాలయం అంటే 1871 నాటి వాల్తేరు ఆసుపత్రి, ఖమ్మంవాళ్లకు తర్వాతి కాలంలో హైదరాబాదు. నేటికీ భద్రాచలం నుంచి హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి 300 కిలోమీటర్ల పైమాటే. కూలి మానుకుని, మాట వినని మనిషిని బస్సెక్కించి అంత దూరం తీసుకెళ్లడం కంటే పక్క ఊరి భూతవైద్యుడి దగ్గరికి నడవడం తేలిక. అదీ కుదరకపోతే ఇంట్లోనే గుంజకు కట్టేస్తారు. ఎండాకాలం పూరిళ్లు ఎంత త్వరగా అంటుకుంటాయో ఆ ఊళ్లవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

‘కట్టేయకపోతే మీద పడతారుగా?’ ఇది క్రూరత్వంతో అడిగే ప్రశ్న కాదు, భయంతో అడిగేది. మానసిక జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యెత్తరు. చికిత్సాలయంలో నిజంగా ప్రమాదం ముంచుకొచ్చిన ఘడియ కోసం చట్టంలో దారి ఉంది: వేరే మార్గం లేనప్పుడే, మానసిక వైద్యుడి అనుమతితో, అవసరమైనంతసేపే, కారణం రాసిపెట్టి రోగిని అదుపు చేయవచ్చు. గొలుసు మాత్రం కుదరదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ఏ రూపంలోనైనా గొలుసు వేయడాన్ని నిషేధించింది. ఆ తర్వాత కూడా, 2019 జనవరిలో, ఉత్తరప్రదేశ్‌లోని బదాయూలో రోగులను గొలుసులతో కట్టి ఉంచిన సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఏర్వాడితో గొలుసుల కథ ముగిసిందన్న నమ్మకమూ, కాబట్టి, అపోహల జాబితాలోకే వెళ్లాలి.

‘వాళ్లింటి విషయం, మనకెందుకు’ అనేవాళ్లు అదే చట్టం 101వ సెక్షన్ తెలుసుకోవాలి. మానసిక రోగిని ఇంట్లో హింసిస్తున్నారనో, పట్టించుకోకుండా వదిలేశారనో నమ్మే కారణం ఉంటే పోలీసు స్టేషన్‌కు చెప్పాలి, స్టేషన్ అధికారి మేజిస్ట్రేటుకు నివేదించాలి. స్టేషన్ గడప తొక్కడానికి జంకేవాళ్లు, రోగితో ఎలా మెలగాలో తెలియని ఇంటివాళ్లు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు.